గేటాంటీ పెరట్లోంచి నేను గీసిన రోడ్డు

మ్యాపులో రోడ్లు గీయడం కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నన్ను తరచూ అడిగేది ఒకటే: "అక్కా, ముందుగా ఏం నేర్చుకోవాలి?" తలుపు తట్టడం నేర్చుకోండి అంటాను. కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పనికి తలుపెందుకని నవ్వుతారు. నవ్వండి, నాకేం పోయింది? అశోక్‌నగర్‌లో తలుపు తట్టకుండా ఒక గీత గీసి, ఒక గేటుకు తాళం పడేలా చేసిన ఘనురాలిని నేను. ఆ తాళం తీయించడానికి పడ్డ పాట్లు పగవాళ్లకు కూడా వద్దు. ఇప్పుడు తలచుకుంటే నవ్వు ఆగదు, అది వేరే సంగతి.

అది 2012. మాది నల్లగొండ వైపు పల్లె. డిగ్రీ అయిపోగానే గ్రూప్స్‌కు చదువుతానని చెప్పి అశోక్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో చేరాను. గదికి నలుగురం. నాలుగు మంచాలు వేశాక మిగిలిన జాగాలో ఒకరు నిలబడితే ఇంకొకరు మంచమెక్కి కూర్చోవాలి. అందులో చదువు సాగదు కాబట్టి పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీకి పోవాలి. అక్కడ రీడింగ్ హాల్లో సీటంటే మాటలా? తలుపులు తీయకముందే వరుసలో నిలబడాలి. మనిషి నిలబడలేకపోతే బ్యాగైనా నిలబడాలి. ఆలస్యమైతే మెట్ల మీదో చెట్టు కిందో కూర్చుని చదువుకోవడమే.

నా పక్క మంచం అక్కది. సొంత అక్క కాదు. మా జిల్లా మనిషే, నాకన్నా ఆరేళ్లు పెద్ద. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడింది. మోకాలి మీద చెయ్యి ఆనించి, అడుగడుగూ నొక్కుతూ నడుస్తుంది. అప్పటికే రెండుసార్లు పరీక్ష రాసి రెండుసార్లూ కొద్దిలో తప్పింది. ఇదే ఆఖరుసారి అని ఇంట్లో గట్టిగా చెప్పి పంపారు. ఈసారి రాకపోతే మూటాముల్లే సర్దుకుని ఊరికి పోవాల్సిందే. అక్కకు ఆ భయం లోపల ఎంతుండేదో గానీ పైకి మాత్రం ఒకటే నవ్వు. పొద్దున లేస్తే నన్ను ఆటపట్టించందే ఆమెకు టీ దిగేది కాదు.

హాస్టల్ నుంచి లైబ్రరీకి రోడ్డు మీద పోతే చుట్టు తిరుగుడు. మెయిన్ రోడ్డు దాకా పోయి, బస్సుల మధ్య రోడ్డు దాటి పోవాలి. అక్క కాలికి ముప్పావుగంట. కానీ మాకు ఇంకో దారి ఉండేది. మా గల్లీలో ఒక ఇంటి ముందు గేటులోంచి దూరి, గోడ పక్కగా నడిచి, బట్టలుతికే బండ దాటి, కరివేపాకు చెట్టు కింద తల వంచి, వెనక గేటులోంచి బయటపడితే అవతలి గల్లీ. అక్కడి నుంచి లైబ్రరీ కూతవేటు దూరం. అక్కకైనా పావుగంటే. ఆ ఇంటావిడ టెలిఫోన్ ఆపరేటర్‌గా రిటైరైంది. గోదావరి జిల్లాల నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన కుటుంబం. పొద్దున ఏడింటికి లేచి రెండు గేట్లూ తీసేది, చీకటి పడ్డాక వేసేది. మేమెవరం అడగలేదు, ఆమె ఎవరినీ ఆపలేదు. చాటున మేమంతా ఆమెను గేటాంటీ అనేవాళ్లం.

ఇక నా మ్యాపు పిచ్చి. పరీక్షకు దరఖాస్తు పెట్టడానికి మా గల్లీ చివరి నెట్ సెంటర్‌కు వెళ్లాను. దాన్ని నడిపే అన్న నా ముందున్న పిల్లకు ఫోటో స్కాన్ చేస్తున్నాడు. ఊరికే కూర్చోలేక ఒక ఆన్‌లైన్ మ్యాపు తెరిచాను. ఎవరైనా ఖాతా తెరిచి తమ వీధులను తామే గీసుకోగలిగే మ్యాపు అది. చిక్కడపల్లి ఉంది, నారాయణగూడ ఉంది, మా గల్లీ లేదు. హాస్టళ్లు, మెస్సులు, జిరాక్స్ షాపులు, ఇంతమంది జనం, అంతా ఖాళీ తెల్లకాగితం! నాకు ఒళ్లు మండింది. "అన్నా, మనం లేమా ఏంది ఈ లోకంల?" అన్నాను. "నువ్వే గియ్యి చెల్లె, ఎవరొద్దన్నరు?" అన్నాడు అన్న.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అనలేదు. రోజూ సాయంత్రం గంటసేపు గీతలే గీతలు. ముగ్గు వేయడం వచ్చినవాళ్లకు ఇది తేలికే: పైనుంచి తీసిన ఉపగ్రహం ఫోటో కనిపిస్తుంది, దాని మీద రోడ్డు వెంట చుక్కలు పెట్టుకుంటూ పోతే గీత పడుతుంది. రోడ్డు వంపు తిరిగినచోట చుక్క పెట్టాలి, తిన్నగా ఉన్నచోట అక్కర్లేదు. ఇవన్నీ తెలియక నేను మొదటివారం గీసిన రోడ్లు తాగి నడిచినట్టుండేవి. ఒక రోడ్డునైతే వంతెన లేనిచోట నాలా మీదుగా అవతలికి దాటించేశాను. ఫోటోలో చెట్ల కొమ్మలు కప్పేసి కింద నాలా కనిపించలేదు మరి. పైనుంచి చూసేవాడికి చెట్టు తలే కనిపిస్తుంది, చెట్టు కింద ఏముందో నడిచి చూడాలి. ఇది నా రెండో సలహా.

ఆ ఊపులోనే గేటాంటీ పెరటి దారిని కూడా గీశాను. రోజూ నడిచే దారే కదా, కళ్లు మూసుకుని గీయగలను. ఏ రకం రోడ్డు అని మ్యాపు అడిగింది. మా గల్లీకి ఏం పెట్టానో దానికీ అదే పెట్టాను. వందమంది నడిచేది రోడ్డు కాకపోతే ఇంకేమిటి అనుకున్నాను. అక్కకు చూపించి, "చూడు, నీ దారి లోకానికెక్కింది" అని గొప్పలు కూడా పోయాను.

అంతటితో ఆగినా బాగుండేది. కానీ అది అశోక్‌నగర్. అక్కడ పనికొచ్చే కాగితం ఏది కనబడినా సాయంత్రానికల్లా జిరాక్స్ అయిపోతుంది. నోట్సు, పాత ప్రశ్నపత్రాలు, ఎవరిదో చేతిరాత, అన్నీ. నెట్ సెంటర్ అన్న నా మ్యాపును ప్రింటు తీసి, దాని మీద పెన్నుతో హాస్టళ్లు, మెస్సులు రాసి, కొత్తగా వచ్చే పిల్లలకు ఇవ్వడం మొదలుపెట్టాడు. దాన్ని చూసి పక్క జిరాక్స్ షాపాయన కాపీలు తీశాడు. ఆ కాపీలకు ఇంకెవరో కాపీలు తీశారు. నలుపుతెలుపుల్లో మెయిన్ రోడ్డూ గేటాంటీ పెరడూ ఒకే లావున, ఒకే నలుపున కనిపించేవి. నేనేమో నా మ్యాపు ఇంటింటికీ చేరిందని మురిసిపోయాను.

ముందు ఒక బైకు వచ్చింది. తర్వాత నీళ్ల క్యాన్ల ఆటో వచ్చి, గేటు ముందు తలగోక్కుని వెళ్లిపోయింది. ఆ ఆదివారం పొద్దున నేను హాస్టల్ డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. గది మారుతున్న ఇద్దరు అబ్బాయిల సామానుతో ఒక ట్రాలీ ఆటో మా గల్లీలోకి వచ్చింది. రెండు ఇనుప మంచాలు, ఒక కూలర్, పుస్తకాల మూటలు. డ్రైవర్ చేతిలో కాగితం. అటూ ఇటూ చూసి, తిన్నగా గేటాంటీ వాళ్లింట్లోకి పోనిచ్చాడు. "అన్నా, ఆగు!" అని డాబా మీంచి అరిచాను, ఎవరికి వినబడుతుంది? బండి గోడకూ ఉతుకుబండకూ మధ్య ఇరుక్కుంది. వెనక్కి తీయబోతే పైనున్న మంచం కోడు కరివేపాకు చెట్టుకు తగులుకుంది. ఫెళ్లుమని చెట్టు మొదట్లో విరిగింది.

గేటాంటీ తలకు టవలు చుట్టుకుని బయటికి వచ్చింది. "ఎవరయ్యా నువ్వు? నా పెరట్లోకి బండేంటి?" అని కేక వేసింది.

"మ్యాపుల రోడ్డున్నదమ్మా, చూడుండ్రి!" అని డ్రైవర్ ధీమాగా కాగితం చూపించాడు.

ఆమె ఆ కాగితం తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత విరిగిన చెట్టును చూసింది. నేను తడిబట్టల వెనక నక్కాను. మధ్యాహ్నానికి రెండు గేట్లకూ తాళాలు పడ్డాయి. అట్టముక్క మీద ఎర్ర అక్షరాలతో బోర్డు కూడా వేలాడింది: దారి లేదు.

మర్నాటి నుంచి అక్క చుట్టు తిరిగి పోవాల్సి వచ్చింది. బస్సుల మధ్య రోడ్డు దాటేటప్పుడు నేను చెయ్యి పట్టుకుంటే విదిలించుకునేది. మేం చేరేసరికి హాలు నిండిపోయేది. అక్క మెట్ల మీద కూర్చుని, కాలు చాపుకుని చదివేది. మూడు రోజులకు మోకాలు వాచింది, నాలుగో రోజు లేవలేదు. పరీక్ష ఆరు వారాల్లో ఉంది. "నీ గీత ఎంత పని జేసింది చూసినవా? ఇగ నేను మంచం మీదనే కలెక్టర్నైత" అని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఏడుపు తన్నుకొచ్చింది. రెండుసార్లు పరీక్ష ఓడగొట్టింది చాలక, మూడోసారి నేను ఓడగొడుతున్నాను ఈ మనిషిని అనిపించింది.

ఆ గీతను చెరిపేద్దామని నెట్ సెంటర్‌కు పరుగెత్తాను. ఖాతా తెరిస్తే నా పేరున ఒక సందేశం వచ్చి ఉంది. ఎవరో, ఏ దేశం మనిషో తెలియదు, నాలాగే మ్యాపు గీసేవారు. మర్యాదగా రెండు ప్రశ్నలు వేశారు. ఈ రోడ్డు ఫోటోలో ఇంటి ఆవరణలోంచి పోతున్నట్టుంది, ఇది అందరి రోడ్డా, ఒకరి స్థలమా? స్థలం గలవారు నడవనిస్తున్నారా? నడవనిస్తుంటే దానికి వేరే రకం ఉంది: కాలినడక దారి, యజమాని అనుమతితో. చుక్కల గీతగా కనిపిస్తుంది, బండ్లకు కాదు. ఏ వేళ నుంచి ఏ వేళ దాకా తెరిచి ఉంటుందో కూడా రాయవచ్చు. ముందు వారిని అడిగి చూడండి.

చదివి నాలుక కరుచుకున్నాను. అనుమతి! ఇన్ని నెలలుగా ఆ ఇంట్లోంచి నడుస్తూ, ఒక్కరోజన్నా ఒక్కమాటన్నా అడిగానా? ఆమె గేటు తీసి ఉంచడాన్ని సూర్యోదయంలాగా మామూలు అనుకున్నాను. అదే రోజు సాయంత్రం పోయి తలుపు తట్టాను. మ్యాపు గీయడంలో నేను చేసిన మొదటి అసలైన పని అదే.

"ఆంటీ, ఆ రోడ్డు గీసింది నేనే" అన్నాను, ఆమె తలుపు తీయగానే.

ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది. "నువ్వా? ఆ సున్నపు గోడ హాస్టల్ పిల్లవి కదూ? ఎవర్నడిగి గీశావమ్మాయ్?"

"ఎవర్ని అడగలే. తప్పయింది ఆంటీ."

"తప్పయిందా! ఇరవయ్యేళ్ల చెట్టు. ఈ వీధిలో ఏ ఇంట్లో పోపు పెట్టినా నా చెట్టు ఆకే. ఇప్పుడు నేను వెళ్లి కొనుక్కోవాలి కరివేపాకు! అడుసు తొక్కనేల, కాలు కడగనేల? వెళ్లు, వెళ్లు."

నేను కదల్లేదు. నాకూ మొండితనం తక్కువేం కాదు. అక్క సంగతి చెప్పాను. కాలు, వాపు, ఆరు వారాలు, ఇంటివాళ్ల మాట, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. చెబుతూ చెబుతూ ఏడ్చాను కూడా. ఆ తర్వాత అనుమతి దారి సంగతి చెప్పాను. అక్కడ ఆపింది నన్ను.

"ఏంటీ? ఇంటివాళ్లు నడవనిస్తే నడిచే దారి అని ప్రత్యేకంగా ఉందా? అలా రాస్తారా?"

"రాస్తరు ఆంటీ. మీ స్థలమే, మీరు పోనిస్తున్నరు అని అందరికీ తెలుస్తది."

"నేనిన్నేళ్లు గేటు తీసి ఉంచితే ఒక్కళ్లు థాంక్స్ అన్న పాపాన పోలేదు. ఎక్కడివాడో దీనికో పేరే పెట్టాడా?" అని, చెంగుతో కళ్లజోడు తుడుచుకుంది. "పద, చూపించు. కళ్లతో చూడందే నేను నమ్మను."

గేటాంటీ నెట్ సెంటర్‌లో అడుగుపెట్టేసరికి, కుర్చీల్లోని పిల్లలంతా హెడ్మాస్టర్ వచ్చినట్టు లేచి నిలబడ్డారు. ఆమె నా పక్కన కూర్చుంది. నేను పాత రోడ్డును తీసేసి, చుక్కల గీత గీసి, "అయిపాయె ఆంటీ" అన్నాను.

"ఏం అయిపోయింది? ఈ చివర అవతలి వీధికి కలిసిందా?"

"కలిసినట్టే ఉంది గదా."

"ఉంటే సరిపోదమ్మాయ్. ముప్ఫై ఏళ్లు ఎక్స్‌ఛేంజీలో కూర్చున్నాను. రెండు తీగలు ఒకదాని మీద ఒకటి పడినంత మాత్రాన మాట వెళ్లదు. ప్లగ్గు పెట్టాలి."

పెద్దది చేసి చూస్తే నిజంగానే కలవలేదు. నా గీత వీధిని తాకుతున్నట్టు కనిపిస్తోంది కానీ, రెంటికీ ఉమ్మడి చుక్క లేదు. అది లేకపోతే దారి వెతికే యంత్రానికి అక్కడ మలుపు ఉందనే తెలియదు. నెలల తరబడి గీసిన నా రోడ్లలో సగం అలాగే తెగిపోయి ఉన్నాయని అప్పుడు బయటపడింది. తీగ లాగితే డొంకంతా కదిలింది. కొత్తవాళ్లు అందరూ చేసే తప్పే ఇది, నేర్పించింది మాత్రం టెలిఫోన్ ఆంటీ. అన్న పకపకా నవ్వాడు, నేనూ నవ్వాను, ఆఖరికి ఆమె కూడా నవ్వింది.

"వేళలు రాయమంటున్నది ఆంటీ. సాయంత్రం ఏడుకు మూస్తరు. పొద్దున?"

"ఏడు. నేను లేచేదే ఏడింటికి."

నేను గొంతు సవరించుకున్నాను. "ఆరు రాయనా ఆంటీ? ఆరుకు తీస్తే అక్కకు ఫ్యాను కింద సీటు దొరుకుతది."

"రెండేళ్లుగా రిటైరై హాయిగా పడుకుంటుంటే, నా నిద్ర మీద పడ్డావేంటి?" అని గదిమింది. కొంచెంసేపు తెర వంక చూసింది. "సరే, ఆరు రాయి. కానీ ఒక షరతు. ఆ పాత కాగితాలు ఈ పేటలో ఒక్కటి మిగలడానికి వీల్లేదు. అన్నీ నాకు తెచ్చివ్వాలి. అప్పుడే తాళం తీస్తాను."

మ్యాపులో తప్పు దిద్దడానికి రెండు నిమిషాలు పట్టింది. జిరాక్సులను ఏరడానికి ఎనిమిది రోజులు పట్టింది. హాస్టల్ హాస్టలూ తిరిగాను. గోడలకు అంటించినవి పీకాను, మెస్సు టోకెన్ల కింద పరిచినవి లాగాను. గాంధీనగర్‌లో ఒకచోట మిర్చి బజ్జీలు కట్టిన కాగితం కూడా నా మ్యాపే, నూనె మరకలతో తెచ్చాను. అన్న కొత్త ప్రింటు తీసి కింద చేత్తో రాశాడు: చుక్కల గీత నడిచేవాళ్లకే, ఇంటివారి అనుమతితో, ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు. పాతది ఇస్తేనే కొత్తది ఇచ్చేవాడు. ఎనిమిదో రోజు సంచీ నిండా కాగితాలు తీసుకెళ్లి గేటాంటీ ముందు పోశాను. ఆమె ఒక్కొక్కటీ తిప్పి చూసి, "వారం రోజులు నీళ్లు కాచే బాయిలర్‌కు సరిపోతాయి" అంది.

మర్నాడు ఆరింటికి గేటు తెరిచి ఉంది. అక్క చెయ్యి మోకాలి మీద ఆనించి లోపలికి అడుగుపెట్టింది. ఉతుకుబండ దగ్గర ఆగి, గుమ్మంలో నిలబడ్డ ఆంటీకి దండం పెట్టింది. "దండాలు తర్వాత, ముందు సీటు పట్టు" అని కసిరింది ఆంటీ. అక్కకు ఫ్యాను కింద సీటు దొరికింది. పరీక్ష రాసే రోజు దాకా అదే సీటు. ఫలితాలొచ్చిన రోజు హాస్టల్లో మేం చేసిన గోలకు వార్డెన్ పైకి వచ్చి, సంగతి తెలిసి తనూ కలిసింది. అక్కకు ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది. మరుసటి ఏడు నాకూ వేరే జిల్లాలో పని దొరికింది.

2014లో ఆఫీసు పని మీద వచ్చి నారాయణగూడలో ఒక స్నేహితురాలి గదిలో దిగాను. మ్యాపు పిచ్చి వదలలేదు. రాసినదాన్ని అప్పుడప్పుడు నడిచి సరిచూడాలి, ఇది నా ఆఖరి సలహా. గేటాంటీ ఇప్పుడు ఆరింటికి ఎందుకు లేస్తుంది, ఏడు అని దిద్దాల్సి ఉంటుందనుకుంటూ పొద్దున్నే బయల్దేరాను. ఆరుకు ఐదు నిమిషాలుందనగా చేరాను. గేటు ముందు అప్పటికే బ్యాగులతో అమ్మాయిలు నిలబడి ఉన్నారు, ఒక్కరు కూడా నాకు తెలియదు. ఆరింటికి లోపల తాళం చప్పుడైంది. గేటాంటీ స్వెటర్ వేసుకుని, జుట్టు ముడేసుకుంటూ గేటు తీసింది. అమ్మాయిలు ఒక్కొక్కరే "గుడ్ మార్నింగ్ ఆంటీ" అంటూ లోపలికి దూరారు. విరిగిన మొదట్లోంచి కరివేపాకు నా భుజం ఎత్తుకు మళ్లీ చిగురేసింది.

"ఏంటమ్మాయ్, తనిఖీకొచ్చావా?" అంది నన్ను గుర్తుపట్టి.

"అక్క ఉద్యోగానికి వెళ్లిపాయె గద ఆంటీ. ఇంక మీకీ తిప్పలెందుకు? ఏడుకు మారుస్త, రెండు నిమిషాల పని."

"ఆ పిల్ల వెళ్లిన మర్నాడు నేనూ అదే అనుకుని ఏడుదాకా పడుకున్నాను. లేచి చూస్తే గేటు బయట ఎనిమిదిమంది నిలబడి ఉన్నారు. ఒక్కళ్లూ బెల్లు కొట్టలేదు, చుట్టు తిరిగీ వెళ్లలేదు. ఏమ్మా అంటే, ఆరని రాసి ఉంది కదా ఆంటీ, తీస్తారులే అని నిలబడ్డాం అన్నారు. గంటసేపు నిలబడ్డారే పిచ్చిమొహాలు!" ఆమె గేటును ఇంకాస్త వెడల్పుగా తెరిచింది. "మార్చకు. ఆరే ఉండనీ."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నా వెనక ఇంకో ఇద్దరు అమ్మాయిలు రొప్పుతూ వచ్చి ఆగారు.

"జరుగమ్మాయ్, దారికి అడ్డం నిలబడ్డావు" అంది గేటాంటీ. "వాళ్లకు సీట్లు పోతాయి."